నిషానే హాజివాత్: అనాసపండుతో మొదలై ఎండిన చెక్క దగ్గర ఆగే సెంటు

నాలుగు నెలలుగా వాడుతున్నాను కాబట్టి ఇప్పుడు రాయొచ్చనిపిస్తోంది. మణికట్టు మీద ఒకసారి కొట్టుకుని అక్కడికక్కడే ఎలా ఉందో చెప్పేసే రకం కాదిది. నేనూ మొదట అలాగే చెప్పేశాను, పైనాపిల్ జ్యూస్ వాసనకి ఇంత డబ్బు పెట్టాలా అని. అప్పుడు నేను చూసింది పది నిమిషాలే. దీని అసలు సంగతి మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ బయటపడదు. అందుకే ఈ రివ్యూ కొంచెం పొడుగ్గా ఉంటుంది.

నన్ను దీని వైపు లాగింది పేరు. హాజివాత్ అనేది టర్కీ తోలుబొమ్మలాటలో ఒక బొమ్మ. వాళ్ళ ఆటలో ఇద్దరు ముఖ్యం, కరాగోజ్, హాజివాత్. కరాగోజ్ చదువులేనివాడు, నోటికొచ్చింది అనేస్తాడు, మన జుట్టుపోలిగాడు గుర్తొస్తాడు. హాజివాత్ చదువుకున్నవాడు, మాట తీరు తెలిసినవాడు, పెద్ద పెద్ద మాటలు వాడతాడు. ఒంటె తోలుతో బొమ్మలు కోసి, రంగులద్ది, తెల్లటి తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. బుర్సా ఊళ్ళో మసీదు కడుతుంటే ఈ ఇద్దరూ అక్కడ పనివాళ్ళని, వీళ్ళ కబుర్లు వింటూ మిగతావాళ్ళు పని ఆపేస్తున్నారని సుల్తాను చంపించేశాడని, ఆ తర్వాతే వీళ్ళ పేరు మీద ఈ ఆట పుట్టిందని అక్కడ కథగా చెప్పుకుంటారు. 2009లో ఈ ఆట యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మా ఇంట్లో హాల్లో నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్న తోలు దీపం ఒకటి వేలాడుతుంటుంది, రాత్రి దాన్ని వెలిగిస్తే గోడంతా ఎరుపూ పసుపూ. తోలుబొమ్మ పేరు పెట్టిన సెంటు ఉందని తెలిసిన రోజునే ఇది ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను.

ఈ సెంటు చేసిన నిషానే ఇస్తాంబుల్ కంపెనీ. ఇద్దరు స్నేహితులు 2012లో మొదలుపెట్టారు. హాజివాత్ 2017లో వచ్చింది, దానితోపాటు కరాగోజ్, జెన్నె అని మరో రెండు, మూడూ ఆ బొమ్మలాట పేర్లే. దీన్ని ఎక్స్‌ట్రే డి పర్ఫ్యూమ్ అంటారు, అంటే ఆల్కహాల్లో కలిపే సుగంధం వంతు మామూలు స్ప్రేల కంటే ఎక్కువ. మనం మాల్‌లో కొనే చాలా సీసాలకు అలవాటుపడిన చెయ్యి దీన్ని కూడా అంతే ధారాళంగా కొట్టేస్తుంది. నేను చేసిన పొరపాటు అదే, దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను సీసా కొనలేదు. ఇంత ఖరీదైన వాటిని ముందు డీకాంట్ తీసుకునే చూడాలి, అంటే పెద్ద సీసాలోంచి చిన్న గాజు స్ప్రేలోకి తీసి అమ్మేది. మొదట ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఐదు మి.లీ. తెప్పించుకుంటే మూత దగ్గర కారిపోయి, సగానికి పైన ఖాళీగా వచ్చింది, అడిగితే కొరియర్ వాళ్ళ తప్పన్నారు. ఆ డబ్బు పోయినట్టే. రెండోసారి తెలిసినవాళ్ళ ద్వారా, సీసా అడుగున ఉండే బ్యాచ్ నంబరు ఫొటో, నింపుతున్న వీడియో అడిగి మరీ పది మి.లీ. తీసుకున్నాను. నాకు రెండు వేల చిల్లర పడింది. పది మి.లీ. అంటే తక్కువ అనిపిస్తుంది గానీ చిన్న స్ప్రేలతో వందకి పైనే వస్తాయి, రోజుకి ఒకటి చొప్పున చాలా నెలలు నడుస్తుంది. మీరు కూడా ఎవరి దగ్గర కొన్నా ఆ ఫొటో, ఆ వీడియో అడగండి, అడిగితే కోప్పడేవాళ్ళ దగ్గర కొనకండి.

ఇక వాసన. కొట్టిన వెంటనే వచ్చేది అనాసపండు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. నేను పాలకొండలో పెరిగినదాన్ని. జూన్, జూలై వచ్చిందంటే సీతంపేట ఏజెన్సీ నుంచి అనాసపళ్ళు కావిళ్ళతో, ఆటోలతో దిగేవి, సంతలో గుట్టలు పోసేవారు, ఆ దారిన పోతుంటే పండు కంటపడక ముందే వాసన తగిలేది. మగ్గిన పండు వాసన ఒకటి, ఇంకా కొంచెం పచ్చిగా ఉన్న కాయ ముచ్చిక విరిచినప్పుడు వచ్చే వాసన ఇంకొకటి. హాజివాత్‌లో ఉన్నది ఈ రెండోది. తియ్యదనం ఉంది, కానీ పాకంలా అంటుకోదు, దానికి పక్కనే పులుపు ఉంది, నాలుక చివర కొంచెం కోసినట్టుండే ఆ చురుకు ఉంది. దాంతోపాటు గ్రేప్‌ఫ్రూట్. పంపరపనస తొన మీద తెల్లటి పొర తీయకుండా నమిలితే తెలిసే చేదు ఉంటుంది చూడండి, అలాంటిది. బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ వాసన కూడా ఉందంటారు, నాకు విడిగా తెలియలేదు, పైన ఒక మెరుపులాగా వెళ్ళిపోతుంది.

అనాసపండు నుంచి మల్లె, గులాబీల్లాగా సెంటు నూనె తీసి సీసాలో కలపరు. ఆ వాసనను కొన్ని రసాయనాలు కలిపి కడతారు, వాటిలో బాగా వాడేది అల్లైల్ హెక్సనోయేట్, అది పండులో సహజంగానూ ఉంటుంది, బేకరీ వాళ్ళు కేకుల్లో వేసే పైనాపిల్ ఎసెన్స్‌లోనూ ఉంటుంది. అందుకే చవక సెంట్లలో అనాస వాసన రాగానే కేకు గుర్తొస్తుంది. ఇక్కడ నాకు కేకు గుర్తు రాలేదు, సంత గుర్తొచ్చింది. పచ్చిదనమూ చేదూ పక్కన నిలబడటం వల్లే అలా కుదిరిందని నా నమ్మకం.

మా అమ్మకి మాత్రం ఈ మొదటి ఘట్టం బొత్తిగా నచ్చలేదు. వంటింట్లోంచే "ఏటే, అనాసపండు కోశావేటి? ఈగలు ముసురుతాయి, కవరు కట్టి బయట పెట్టు" అంది. పండు కాదు అమ్మా సెంటు అంటే, "ఒంటికి పండు వాసన ఎందుకే" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పూలు, గంధం, పునుగు, జవ్వాది, ఇవి మనకి ఒంటి మీద అలవాటు. పండు పళ్ళెంలో ఉండాలి. ఆ అడ్డు దాటడానికి నాకూ నాలుగైదు రోజులు పట్టింది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు. ఏప్రిల్‌లో, విశాఖ ఉక్కపోతలో, మెడకి రెండు, చెయ్యికి ఒకటి, మొత్తం మూడు స్ప్రేలు కొట్టుకుని బ్యాంకుకి వెళ్ళాను. మా బ్రాంచి చిన్నది, ఏసీ గది, తలుపులు మూసే ఉంటాయి. పదకొండు గంటలకి పక్క కౌంటర్లో అమ్మాయి లేచి వెళ్ళి వెనక గదిలో కూర్చుంది, తల పట్టేసిందట. నాతో అనలేదు, ఇంకొకరి ద్వారా తెలిసింది. నాకు చాలా బాధేసింది. వెళ్ళి సారీ చెప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాను, అయినా మెడ దగ్గరది సాయంత్రం దాకా పోలేదు. తప్పు సెంటుది కాదు, కొలత తెలియని నాది. ఒంటి వేడికి వాసన తొందరగా లేస్తుంది, మూసిన గదిలో అది ఎక్కడికీ పోదు. అప్పటి నుంచి ఆఫీసుకి ఒక్కటే స్ప్రే, అది కూడా ఛాతీ మీద, బట్టల కింద. అలా వేసుకుంటే ఎదుటివాళ్ళు దగ్గరికి వచ్చి మాట్లాడినప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఆ అమ్మాయే నెల తర్వాత "ఇవాళ ఏం వేసుకున్నారు మేడమ్, బాగుంది" అంది. అదే సెంటు అని చెప్తే నమ్మలేదు.

ఎక్కువ కొట్టుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని కొత్తగా వాడేవాళ్ళందరూ జాగ్రత్తగా చూసుకోవాల్సింది. రెండు గంటలు గడిచాక నాకు వాసన రావడం మానేసింది. పోయిందనుకున్నాను. మళ్ళీ కొట్టుకోబోయాను కూడా. అదే రోజు సాయంత్రం ఆరున్నరకి షట్టర్ దించుతూ మా సెక్యూరిటీ ఆయన, "మేడమ్ గారూ, ఎక్కడో మంచి కలప వాసన వస్తోంది, పెయింట్ పనేమైనా జరుగుతోందా" అని చుట్టూ చూశారు. అది నా నుంచి వస్తున్న వాసనే. సెంట్లలో కలప వాసన కోసం వాడే కొన్ని రసాయనాలతో ఇదే చిక్కు, మన ముక్కు వాటికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది, పక్కవాళ్ళ ముక్కుకి మాత్రం అందుతూనే ఉంటాయి. కాబట్టి ఇది ఎంతసేపు ఉందో మీ ముక్కుని అడగొద్దు, ఇంట్లోవాళ్ళని అడగండి. నా ఒంటి మీద పది గంటలు తక్కువ కాకుండా ఉంటుంది.

పండు వాసన దాదాపు గంట, గంటన్నరకి పక్కకి జరుగుతుంది. పూర్తిగా పోదు, తలుపు అవతల నిలబడినట్టు ఉంటుంది. దేవదారు, పచౌలీ అనే ఆకు, కొంచెం మల్లె జాతి పువ్వు ముందుకొస్తాయి. మల్లె అన్నాను గానీ మన బొండుమల్లెలు ఊహించుకోకండి, దండలా గుప్పుమనదు, చెక్కల మధ్య నునుపు కోసం వేసినట్టుంది. ఈ మధ్య భాగం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, బాగుంటుంది, అంతే.

తర్వాత వచ్చే ఓక్‌మాస్ దగ్గర నేను ఆగిపోయాను. ఓక్ చెట్ల బెరడు మీద నాచులా పెరిగే లైకెన్ అది, వందేళ్ళకి పైగా సెంట్ల తయారీలో వాడుతున్నారు, 1917లో కోటీ కంపెనీ తెచ్చిన షిప్ర్ అనే సెంటు తర్వాత దాని చుట్టూ ఒక సెంట్ల కుటుంబమే తయారైంది. కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పించే పదార్థాలు దానిలో ఉన్నాయని ఇప్పుడు గట్టి పరిమితులు పెట్టారు. ఇదంతా చదివి తెలుసుకున్నదే గానీ, ఆ వాసన ఏమిటో నాకు అర్థమైంది మసాలా డబ్బాలో. ఒక ఆదివారం బిర్యానీకి మసాలా వేయిస్తూ రాతిపువ్వు మూకుట్లో వేశాను. నల్లగా, కాగితం చించినట్టుండే ఆ ముక్కలు వేడి తగలగానే ఒక వాసన వదిలాయి, తడిసిన బెరడు, పాత గోడ, కొంచెం పొగ. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పొద్దున కొట్టుకున్న హాజివాత్‌లో అదే ఉంది. రాతిపువ్వు కూడా లైకెనే కదా. మీ ఇంట్లో ఉంటే ఒక ముక్క వట్టి మూకుట్లో వెచ్చబెట్టి చూడండి, ఈ సెంటు కింది భాగం మీకు నచ్చుతుందో లేదో రూపాయి ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

జూలైలో ఊరెళ్ళినప్పుడు నాన్న దగ్గర కూర్చున్నాను. నాన్న ఇరవై ఆరేళ్ళు సామిల్లులో లెక్కలు రాశారు. సాయంత్రం మిల్లు నుంచి వస్తే చొక్కా మీద, కనుబొమ్మల మీద రంపపు పొట్టు ఉండేది, మాకు ఆ వాసన నాన్న వాసన. పొద్దున ఏడింటికి కొట్టుకున్న స్ప్రే, మధ్యాహ్నం ఒంటిగంటకి, ఏమీ చెప్పకుండా మణికట్టు ఆయన ముందు పెట్టి ఇది ఏం చెక్క నాన్నా అని అడిగాను. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు, వాసన చూడటానికి కళ్ళద్దాలు తీయడం ఎందుకో గానీ తీశారు. చాలాసేపు చూశారు. "టేకు కాదు. టేకుకి తోలు వాసన ఉంటుంది" అన్నారు. మళ్ళీ చూశారు. "మద్ది కూడా కాదమ్మా. ఏ చెక్కో చెప్పలేను గానీ, ఇది రంపం మీద ఉన్నప్పుడు వచ్చే వాసన కాదు. కోసి, పేర్చి, వాన పడకుండా ఓ రెండు నెలలు ఎండబెట్టాక, పైపలక ఎత్తితే వస్తుంది చూడు, ఆ వాసన."

నేను ఈ సెంటు గురించి ఇంగ్లీషులో చాలా రివ్యూలు చదివాను, అందరూ డ్రై వుడ్స్ అని రాస్తారు. ఆ ఎండిన చెక్క అంటే ఏమిటో నాకు ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. సింహాచలం గంధం లాంటి మెత్తదనం ఇందులో ఉండదు, పాలమీగడలా ఉండదు. పొడిగా, శుభ్రంగా, వేళ్ళతో తడితే గరుకుగా తగిలే పలకలా ఉంటుంది. ఆ పలకల మధ్య ఎక్కడో మూల పండు ముక్క ఇంకా ఉంటుంది. ఆరో గంట నుంచి పదో గంట దాకా ఉండే ఈ భాగం కోసమే నేను దీన్ని కొట్టుకుంటున్నాను.

వాతావరణం సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట తిరిగే పని ఉంటే దీన్ని వేసుకోవద్దనే చెప్తాను. చెమటతో కలిస్తే అనాస తియ్యదనం కాస్త పులిసినట్టు అవుతుంది. వానాకాలం సాయంత్రం మాత్రం అద్భుతం. వాన ఆగాక బీచ్ రోడ్డు మీద నడుస్తుంటే, గాలిలో తడి, ఉప్పు, పైట లోంచి అప్పుడప్పుడూ ఈ చెక్క వాసన, ఇంకేం కావాలనిపించింది. డిసెంబరులో లంబసింగి చలిలో ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

బట్టల మీద ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. నూలు చీర కొంగు చివర ఒక స్ప్రే కొడితే మూడో రోజు కూడా తెలిసింది, ఉతికాక కూడా ఆరేసిన చోట కొంచెం వచ్చింది. పట్టు చీరల మీద నేరుగా కొట్టకండి, మరక పడితే పోదు. శ్రావణంలో మా పిన్ని కూతురి పెళ్ళికి తలలో మల్లెపూలు పెట్టుకుని దీన్ని వేసుకున్నాను. మొదటి అరగంట పండూ పువ్వూ కొట్టుకున్నాయి, నాకే చిరాకనిపించింది. తర్వాత సర్దుకుంది. ఇంకోసారైతే పూలు పెట్టుకునే రోజున గంట ముందే కొట్టుకుంటాను, పండు వాసన తగ్గాక దండ పెట్టుకోవచ్చు.

ఇది మగవాళ్ళ సెంటు అని షాపుల్లో చెప్తారు, నాకూ చెప్పారు, "మేడమ్ మీకు వెనీలావి చూపిస్తా" అని పక్క అరలోకి వెళ్ళిపోయారు. కంపెనీ దీన్ని ఇద్దరికీ అనే అమ్ముతోంది. చెక్క వాసన మగవాళ్ళదని ఎవరు రాసిపెట్టారో తెలియదు. నా మటుకు నాకు అది మా ఇంటి వాసన, చిన్నప్పుడు నాన్న చొక్కా ఉతకడానికి తీస్తే బకెట్ నీళ్ళ మీద తేలిన పొట్టు వాసన. ఆడవాళ్ళు దీన్ని చూడకుండా వదిలేయొద్దు.

క్రీడ్ కంపెనీ సెంటు అవెంటస్‌తో పోలిక తప్పదు, ఎందుకంటే 2010లో అది వచ్చాకే అనాసపండు సెంట్లకి ఇంత పేరొచ్చింది. ఒక చుట్టం దగ్గర అవెంటస్ ఉంటే రెండు చేతులకీ చెరొకటి కొట్టి చూశాను. అవెంటస్‌లో పండు వెనక పొగ ఉంది, బర్చ్ చెక్క కాల్చిన పొగ, కొంచెం నాజూకు. హాజివాత్‌లో పొగ తక్కువ, చేదూ నాచూ ఎక్కువ, గొంతు పెద్దది. నాకు హాజివాత్ నచ్చింది, అవెంటస్ బాగోలేదని కాదు, హాజివాత్ తన మాట తను గట్టిగా చెప్తుంది. ఇవే వాసనలతో తక్కువ ధరకి దుబాయ్ నుంచి వచ్చే సీసాలు కూడా ఉన్నాయి, రెండు చూశాను. మొదటి పది నిమిషాలు బాగానే దగ్గరకొస్తాయి. ఆరో గంటకి వాటి దగ్గర ఏమీ మిగలదు, నాన్న చెప్పిన ఆ పలకల వాసన రాదు. పండు వాసన ఒక్కటే కావాలనుకునేవాళ్ళకి అవి చాలు, డబ్బు దండగ చేసుకోవద్దు. అత్తరు అలవాటున్నవాళ్ళకి, ముఖ్యంగా చార్మినార్ దగ్గర కొనే షమామా లాంటివి ఇష్టపడేవాళ్ళకి, హాజివాత్ కింది భాగం వెంటనే నచ్చుతుందనుకుంటున్నాను, పై భాగం కొంచెం ఓర్చుకోవాలి.

ఎవరికి వద్దు? తలనొప్పి వచ్చేవాళ్ళకి, ఇంట్లో పసిపిల్ల ఉన్నవాళ్ళకి, రోజూ బస్సులో కిక్కిరిసి ప్రయాణం చేసేవాళ్ళకి వద్దు. చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళు ముందు మోచేతి లోపల ఒక చుక్క వేసుకుని ఒక రోజు చూడాలి. ఎవరికైనా కానుకగా ఇద్దామనుకుంటే కూడా ఆలోచించండి, ఇది అందరికీ నచ్చే రకం కాదు, వాళ్ళ ఒంటి మీద ఒకసారి చూశాకే కొనాలి.

నా పది మి.లీ.లో ఇంకా సగం దాకా ఉంది. అయిపోయేలోపు యాభై మి.లీ. సీసా కొందామని నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను, దసరాకి కుదరొచ్చు. మొన్న నాన్న ఫోన్లో, వచ్చేటప్పుడు ఆ పలకల సెంటు తీసుకురా తల్లీ, మిల్లు పాత మేస్త్రీకి చూపించాలి, ఏ చెక్కో వాడైతే చెప్తాడు అన్నారు. ఈ ఆదివారం వెళ్తున్నాను. పొద్దున ఏడింటికే కొట్టుకుని బయల్దేరాలి, మేస్త్రీ వచ్చేది ఒంటిగంటకట.